డిశ్చార్జి బుక్కులో లేని మంచు పతకం

రెండేళ్ళ కిందట పంద్రాగస్టు నాడు మా ఊరి హైస్కూల్లో మాజీ సైనికులకు శాలువాలు కప్పారు. నరసన్నపేటకు ఆరేడు కిలోమీటర్లలో ఉంటుంది మా ఊరు. వీధికి ఇద్దరు ముగ్గురైనా పటాలానికి వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నారు. హెడ్మాస్టరు వారం ముందే అందరి దగ్గరా డిశ్చార్జి బుక్కుల జిరాక్సులు తీసుకున్నాడు. సైన్యం నుంచి దిగిపోయే రోజున చేతికిచ్చే పుస్తకం అది. ఎప్పుడు చేరాడు, ఎప్పుడు దిగాడు, ఏయే పతకాలు వచ్చాయి అన్నీ అందులో ఉంటాయి. ఒక్కొక్కరినీ పిలిచి, ఆ వివరాలు మైకులో చదివి శాలువా కప్పుతున్నారు.

మా ఆయన వంతు వచ్చింది. ఆయన హవల్దారుగా దిగాడు. ఇన్నేళ్ళు పనిచేసినందుకని అందరికీ ఇచ్చే పతకాలు, సరిహద్దులో ఉన్నందుకు ఒకటి, మొత్తం నాలుగు చదివాడు హెడ్మాస్టరు. నేను అయిదోదాని కోసం చూస్తున్నాను. ఆయన కాగితం మడిచి తరవాతి పేరు పిలిచాడు.

అయిదోది మంచు పతకం. సియాచిన్ మంచుకొండల మీద కాపలా ఉన్నవాళ్ళకు ఇచ్చేది. మా ఊళ్ళో మంచు మీదికి వెళ్ళినవాడు మా ఆయన ఒక్కడే అని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. ఆ పతకం నేనెప్పుడూ చూడలేదు. కానీ మిగతావి మాత్రం చూశానా? అన్నీ ఇనప ట్రంకులో, పాత స్వెట్టరు కింద ఉంటాయి.

సభ అయ్యాక మా అన్నయ్య నా పక్కకి వచ్చాడు. అన్నయ్య కూడా మిలటరీ మనిషే, సుబేదారుగా దిగాడు. మా ఆయన మా మేనత్త కొడుకు కాబట్టి ఇద్దరికీ బావే.

"ఏటే, బావకి మంచు బిళ్ళ సదవనేదు?" అన్నాడు.

"మాస్టారు మర్సిపోయుంటారు."

"మాస్టారు మర్సిపోనేదు. జిరాక్సు నాను సూసేను. అందులోనే నేదు."

అన్నయ్య తన శాలువా మడత పెట్టుకుని వెళ్ళిపోయాడు. అలా వెళ్ళిపోవడమే నాకు గుచ్చుకుంది.

ఆ పతకం ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు అలా కాదు. ఆయన మంచు మీద ఉన్న ఏడే మా మావ, అంటే ఆయన తండ్రి, చనిపోయాడు. టెలిగ్రాం ఇచ్చాం. ఆయన రాలేదు. చిన్నాన్న కొడుకు తలకొరివి పెట్టాడు. పెద్దకర్మకు రాలేదు, మాసికాలకు రాలేదు. ఎనిమిది నెలల తరవాత ట్రంకు నెత్తిన పెట్టుకుని దిగాడు. "మంచు మీదున్నాను, హెలికాప్టర్ రానేదు" అన్నాడు. మా అత్త కొడుకుని పట్టుకుని ఏడ్చింది, అయినా ఆ మాట నమ్మింది. చనిపోయేదాకా నమ్మింది. వీధిలో ఎవరేమన్నా "నా కొడుకు మంచులో కూరుకుపోయున్నాడు, ఎలా వస్తాడు?" అనేది. ఆయన రాకపోవడానికి ఉన్న కారణమల్లా ఆ మంచే.

ఇప్పుడు ఆ మంచు పుస్తకంలో లేదు.

ఆ సాయంత్రం అడిగాను. ఆయన పశువులకు కుడితి పెడుతున్నాడు.

"బావా, నీ పుస్తకంలో మంచు పతకం ఎందుకు లేదు?"

"రాయడం మర్సిపోయుంటారు."

"మరి రాయించుకోలేదేం?"

"ఇప్పుడు ఆ బిళ్ళ లేకపోతే నీకు అన్నం దిగదా?"

ఆయన కసురుకునే మనిషి కాదు. మా దూడ తాడు తెంపుకుని పక్కవాళ్ళ చేలో పడినా చెయ్యెత్తడు. అలాంటివాడు తల తిప్పకుండా ఆ మాట అనేసి బక్కెట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను ముప్పై ఏళ్ళ పైన అంగన్‌వాడీలో టీచరుగా చేశాను. పిల్లల హాజరు, బరువులు, పాలు, గుడ్లు అన్నింటికీ రిజిస్టర్లు రాశాను. వానకి ఒక్క పిల్లా గడప తొక్కని రోజున కూడా పద్దెనిమిది మంది వచ్చారని రాసిన సందర్భాలున్నాయి. రాసినదంతా జరిగినట్టు కాదని, రాయనిదంతా జరగనట్టు కాదని నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? కానీ మొగుడి విషయానికి వచ్చేసరికి ఆ తెలివి పనిచేయలేదు.

మర్నాడు ఆయన పొలం వెళ్ళాక ట్రంకు తెరిచాను. పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చూశాను. నిజంగానే నాలుగే ఉన్నాయి. నడవడిక అని ఉన్నచోట 'చాలా మంచిది' అని ఇంగ్లీషులో రాసి ఉంది. వెనకెప్పుడో అన్నయ్య పుస్తకంలో అదే చోట 'ఆదర్శం' అనే అర్థం వచ్చే మాట చూసినట్టు గుర్తు. చాలా మంచిదంటే మంచిదే కదా అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ రోజు ఆ రెండు మాటల మధ్య ఎంత దూరముందో అని కూర్చున్నాను.

తరవాత ఆయన ఉత్తరాలు తీశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి వచ్చినవన్నీ తేదీల వరసలో తాడు కట్టి ఉంచాను, రిజిస్టర్లు రాసే చెయ్యి కదా. మిలటరీ ఉత్తరాల మీద ఊరి పేరుండదు, నెంబరు ఒక్కటే ఉంటుంది. ఎక్కడి నుంచి రాశాడో ఆ నెంబరుని బట్టి నాలాంటివాళ్ళకు తెలియదు. ఆ ఏడాది ఉత్తరాల్లో ఒకటి ఇలా ముగిసింది: 'వచ్చే వారం కిందికి దిగుతాము. దిగాక రాస్తాను.' ఆ తరవాతి ఉత్తరం రెండు నెలలకు వచ్చింది. అందులో మా మావ పోయినందుకు నాలుగు ముక్కలు ఉన్నాయి. అంతే.

కిందికి దిగిన మనిషి రెండు నెలలు ఏం చేశాడు? కార్డు ముక్క కూడా రాయలేనంత పని ఏముంది? అప్పట్లో నాకు ఇరవై ఏళ్ళు, చంకలో పిల్ల, ఇంట్లో చావు. ఆ రెండు నెలలు నేను లెక్కపెట్టనే లేదు. ఇప్పుడు లెక్కపెట్టాను.

అన్నయ్యని నేనే వెళ్ళి కదిపాను. మొదట చెప్పలేదు. "నీకెందుకే, ముసలోళ్ళయిపోయారు" అన్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు.

"గజపతినగరంలో మా పటాలపోడు ఒకడు పిండిమిల్లు ఎట్టుకున్నాడు. ఆ యేడు బావని కింద కంటోన్మెంటులో సూసేడట. ఎప్పుడో ఇరవయ్యేళ్ళ కిందట నాతో అన్నాడు."

"ఇరవై ఏళ్ళు నాకు సెప్పకుండా ఉన్నావా?"

"సెప్పి ఏటి సేస్తాను? సెల్లివి."

అప్పుడు అన్నయ్య మీద కూడా అనుమానం వచ్చింది. ఇంకా ఏం దాచాడో అని.

కళ్ళు మసకగా ఉన్నాయి, విజయనగరంలో చూపించుకుంటానని ఇంట్లో చెప్పి బయలుదేరాను. విజయనగరంలో కళ్ళ డాక్టరు దగ్గరికి పోకుండా గజపతినగరం బస్సెక్కాను. మిల్లు వెతకడం కష్టం కాలేదు. మిల్లాయన జుట్టు, కనుబొమలు అన్నీ పిండి. ఫలానా సుబేదారు చెల్లెల్నని చెప్పగానే స్టూలు వేసి సోడా తెప్పించాడు. మా ఆయన సంగతి ఎత్తేసరికి ఆయన మొహం మారింది.

"సూసేనమ్మా. సిపాయిలుండే బేరకుల ఎనకాల గడ్డి కోస్తన్నాడు. మనోడే కదాని పలకరించేను. తలెత్తనేదు."

"మా ఆయనే అని ఎలా తెలుసు?"

"ఒకే బండిలో విశాపట్నం ఎల్లి చేరేం. తెలీకపోతాదా? నడుముకి బెల్టు నేదు, తల మీద టోపీ నేదు."

"అంటే?"

ఆయన లేచి వెళ్ళి మిల్లు స్విచ్చి వేశాడు. ఆ చప్పుడులో నా దగ్గరగా వంగి, "అంటే ఏటన్నది మీ ఆయన్నే అడుగమ్మా. పటాలంలో ఒకడి కత ఇంకొకడు సెప్పడు" అన్నాడు.

తిరుగు బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. బెల్టు లేదు, టోపీ లేదు అంటే డ్యూటీ మీద లేడన్నమాట. గడ్డి కోస్తున్నాడంటే ఎవరి ఆవుకి? ఎవరింట్లో ఆవు? ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, శ్రీకాకుళం చేరేసరికి ఆ ఇంటికి పెంకులు కూడా కప్పేశాను, వాకిట్లో ఒక ఆడమనిషిని కూడా నిలబెట్టాను. ఇంటికి వచ్చాక ఆయన "డాక్టరు ఏటన్నాడు?" అని అడిగాడు. "చుక్కలు రాసిచ్చాడు" అన్నాను. చుక్కల సీసా ఏదని ఆయన అడగలేదు.

శ్రీకాకుళంలో మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసు ఉంది. అక్కడ ఒకాయన ఓపిగ్గా చెప్పాడు. పతకం రికార్డులో పడకపోతే డిశ్చార్జి బుక్కు నకలుతో రికార్డు ఆఫీసుకి దరఖాస్తు పెట్టవచ్చనీ, వాళ్ళు పాత కాగితాలు తీసి చూస్తారనీ, హక్కుంటే చేర్చి పతకం పంపిస్తారనీ, లేకపోతే ఎందుకు లేదో రాస్తారనీ అన్నాడు. ఆ చివరి మాట కోసమే నేను దరఖాస్తు రాశాను. పతకం కోసమైతే కాదు.

సంతకం ఆయనదే కావాలి. నవంబరులో పింఛను కాగితాలతో పాటు దీన్నీ పెట్టి ఇచ్చాను. నేనిచ్చిన కాగితం ఏదైనా ఆయన చదవడు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాడు. మూడు చోట్ల పెట్టాడు. మూడోది ఇది. పెడుతుంటే ఆయన చేతి వేళ్ళు చూశాను కానీ మొహం చూడలేకపోయాను.

మాఘమాసం వెళ్ళాక జవాబు వచ్చింది. నేను డ్వాక్రా మీటింగుకి వెళ్ళినప్పుడు పోస్టుమాన్ ఆయన చేతికే ఇచ్చాడు. నేను వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముక్కు మీద, కవరు పక్కన, కాగితం ఒళ్ళో.

"ఈ కాగితం కింద దరఖాస్తు నకలు కూడా ఎట్టేరు. సంతకం నాదే. నానెప్పుడు ఎట్టేను?"

"పింఛను కాగితాలప్పుడు."

"అడిగి ఎట్టించుకోవచ్చు కదా."

"అడిగితే కసిరేవు కదా."

ఆయన కాగితం నా చేతికిచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. నేను కూడబలుక్కుని చదివాను. మంచు మీద ఆయన పూర్తి గడువు ఉన్నట్టు పాత కాగితాల్లో ఉందట. పతకానికి హక్కు ఉందట. కానీ పటాలం పంపిన జాబితా తయారైన సమయంలో ఆయన 'సైనిక నిర్బంధం'లో ఉన్నందున పేరు చేరలేదని తోస్తుందట. అవే వివరాలతో అఫిడవిట్ పంపితే రికార్డు సవరిస్తారట. నిర్బంధం అన్న మాట దగ్గర ఆగిపోయాను. అప్పటికీ నా బుర్రలోంచి ఆ పెంకుటిల్లు పోలేదు.

"సెప్పు బావా. ఆ రెండు నెలలు ఎవరింట్లో ఉన్నావు?"

"ఇంట్లోనా?" ఆయన నా వైపు తిరిగాడు. "జైల్లో ఉన్నానే. పటాలం జైలు. విచారణ అయ్యేదాకా కొన్నాళ్ళు, శిక్ష ఇరవై ఎనిమిది రోజులు. బెల్టు, టోపీ తీసేసుకుంటారు. పగలు గడ్డి కోయిస్తారు. బయటికొచ్చేక కూడా అయిదు నెలలు సెలవివ్వనేదు."

నేను అరుగు అంచున కూర్చున్నాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారిగా అంతసేపు మాట్లాడడం నేను వినలేదు.

"మంచు దిగిన రోజున గుమస్తా నా ఉత్తరాల కట్ట ఇచ్చేడు. పైనున్నప్పుడు అందనివి. నీవే తొమ్మిదున్నాయి. అడుగున టెలిగ్రాం. తారీకు సూస్తే నాన్న పోయి నెల దాటిపోనాది. ఇది నీకెప్పుడొచ్చింది అని అడిగేను. వచ్చిన రోజునే వచ్చింది అన్నాడు. ఎందుకు సెప్పనేదు అన్నాను. పైనున్నోడికి సెప్పి ఏటి లాభం, హెలికాప్టర్ రాదు, నువ్వు దిగలేవు, అక్కడ ఏడిస్తే కన్నీళ్ళు కూడా గడ్డకడతాయి, నీ మంచికే దాసేను అన్నాడు. నవ్వుతూ అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పుడు సెప్పలేను. నాకు నవ్వినట్టే ఉన్నాది."

"కొట్టావా?"

"కొట్టేను. రెండు పళ్ళు ఊడిపోనాయి. ఆడు నాకంటే పెద్ద ర్యాంకు."

"మాకెందుకు చెప్పలేదు?"

"అమ్మకేటి సెప్పమంటావు? కొడుకు మంచులో ఉండి రానేదంటే అదొకటి. కిందనే ఉండి, జైల్లో కూకుని, మాసికాలకి రానేదంటే బతుకుతాదా? నాను సెప్పింది అబద్దం కాదు. సగం సెప్పేను."

"నాకు?"

ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని మడతలు పెట్టాడు. "నీకు సెప్తే నువ్వు మీ అన్నయ్యకి సెప్తావు" అన్నాడు చివరికి.

కోపం వచ్చింది. అయినా నిజమే. ఆ రోజుల్లో చెప్పేదాన్నే.

పతకం అడగకపోవడానికి కారణం కూడా అదే. అడిగితే ఎందుకు పడలేదో తీస్తారు, తీస్తే ఇదంతా కాగితం మీద ఇంటికి వస్తుంది. అత్త పోయాక అడగవచ్చు కదా అంటే, "అప్పటికి అలవాటైపోనాది" అన్నాడు. నేను గజపతినగరం వెళ్ళిన సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కళ్ళకని సెప్పేవు కదే" అన్నాడు. పెంకుటింటి సంగతి, వాకిట్లో మనిషి సంగతి మాత్రం చెప్పలేదు.

రెండు రోజులు మామూలుగా గడిచాయి. మూడో రోజు అన్నం తింటూ ఆగి, "మంచు దిగినోళ్ళ లిస్టు రాసింది ఆ గుమస్తాయే" అన్నాడు. "నాను లోపలున్నప్పుడు రాసేడు. నువ్వు రిజిస్టర్లు రాసిందానివి, నీకు తెలుస్తాది. కావాలనే నా పేరు ఒగ్గేసేడంటావా?"

ఆయన ఇన్నేళ్ళూ ఆ మాట మోస్తున్నాడని అప్పుడు అర్థమైంది. నేను చెయ్యి కడుక్కునే నెపంతో లేచాను. ఎందుకంటే నాకు ఒక సంగతి గుర్తుకొచ్చింది, అది ఆయనకు తెలియదు. ఒకప్పుడు మా వీధిలో ఒక గర్భిణీ స్త్రీ కుళాయి దగ్గర నన్ను పది మందిలో మాట అంది. ఆ నెల గుడ్ల జాబితా రాస్తూ ఆమె పేరు దగ్గర కలం ఆగింది. ఆమె పేరు రాయలేదు. అడిగితే మరిచిపోయానని చెప్పాను. మరుసటి నెల రాసేశాను. నెల రోజుల గుడ్లు ఆమెకు పోయాయి. కావాలనే వదిలేశాను. అలా వదిలేయడం ఎంత సులువో నాకు తెలుసు. అలాగే, లోపలున్నవాళ్ళ పేర్లు వేరే కాగితం మీద ఉండి, ఏ దురుద్దేశమూ లేకుండా తప్పిపోవడం కూడా ఎంత సులువో తెలుసు. గుమస్తా కావాలనే చేశాడంటే ఆయన ఆ శత్రువుని చచ్చేదాకా మోస్తాడు. పొరపాటున చేశాడంటే ఇన్నేళ్ళ కోపం వృథా అయిపోతుంది.

"తెలీదు బావా" అన్నాను. అది నిజమే.

"ఊఁ" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

అఫిడవిట్ నరసన్నపేటలో రాయించలేదు. అక్కడి నోటరీ అన్నయ్యకు స్నేహితుడు. శ్రీకాకుళం వెళ్ళాం. టైపు చేసే అమ్మాయి సరిచూసుకోవడానికి మొత్తం పైకి చదివింది. 'పై అధికారిపై చెయ్యి చేసుకున్నందున' అని చదివినప్పుడు బెంచీ మీద ఉన్న నలుగురూ మా వైపు చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు. బయటికి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. అమ్మాయి చదవడం అయ్యేదాకా చేతులు పక్కన పెట్టుకుని నిటారుగా నిలబడి, తరవాత వంగి సంతకం పెట్టాడు. ఈసారి చదివి పెట్టాడు.

ఆ ఏడు ఊడ్పులప్పుడు పార్సిలు వచ్చింది. రికార్డు సవరించామని ఒక కాగితం, చిన్న అట్టపెట్టెలో పతకం. ఆయన బురద కాళ్ళతోనే గుమ్మం దగ్గర నిలబడి పెట్టె తెరిచాడు. కాసేపు చూసి, "తేలికగా ఉన్నాది" అన్నాడు. నా చేతిలో పెట్టి మళ్ళీ పొలం వెళ్ళాడు, కూలీలు ఎదురుచూస్తున్నారని.

రెండో రోజు సాయంత్రం అన్నయ్య వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. పోస్టుమాన్ అయి ఉంటాడు. "ఏదీ, బిళ్ళ వచ్చిందట కదా" అన్నాడు. తెచ్చి ఇచ్చాను. అన్నయ్య దాన్ని ముందు చూడలేదు. అంచు తిప్పి వెలుతురుకి పట్టాడు. పతకాల అంచు మీద ఎవరిదో వాళ్ళ నెంబరు, పేరు చెక్కి ఉంటాయట. బజార్లో కొన్నవాటికి ఉండవట. కళ్ళు చికిలించి ఒక్కొక్క అంకె చదివాడు. అన్నయ్య చదువుతుంటే మా ఆయన పక్కన కూర్చుని తాడు పేనుకుంటున్నాడు, తలెత్తలేదు.

"నెంబరు బావదే" అన్నాడు అన్నయ్య.

"మరెవరిది?" అన్నాను.

"మరి అప్పుడెందుకు ఇవ్వనేదంట?"

మా ఆయన చేతుల్లో తాడు ఆగింది. నేను టీ గ్లాసు అన్నయ్య ముందు పెట్టాను.

"గుమస్తా రాయడం మర్సిపోయాడట."

"ఇన్నేళ్ళా?"

"ఒకసారి మర్సిపోతే అంతే కదా అన్నియ్యా. ఎవరో ఒకరు అడిగేదాకా అలాగే ఉంటాది."

అన్నయ్య టీ తాగుతూ నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. పతకం పెట్టెలో పెట్టి మూత వేసి, "మంచిది" అని లేచాడు. వీధి మలుపు దాకా వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూశాడు. ఆ తరవాతి వారం అన్నయ్య గజపతినగరం వెళ్ళొచ్చాడని వదిన చెప్పింది. మిల్లాయన ఏం చెప్పాడో, చెప్పలేదో అన్నయ్య అనలేదు. నేనూ అడగలేదు.